గజ్జె విప్పాక మిగిలే కాగితం



ఈ పూట ఒక నాట్యాచార్యుడి గురించి మాట్లాడుకుందాం. ఆయన పేరు నటరాజ రామకృష్ణ. ఆయన ఆడిన ఆట గురించి చెబుతాను. నేర్పిన పాఠం గురించి చెబుతాను. ఎక్కువ సేపు మాత్రం ఆయన రాత గురించి, ఆయన పోగుచేసిన కాగితాల గురించి చెబుతాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నుంచి వింటున్నవాళ్ళు రేడియోకి కాస్త దగ్గరగా జరగండి. ఈ కథలో మీకొక పని ఉంది. అదేమిటో చివర్లో అడుగుతాను.

రామకృష్ణగారు పుట్టింది 1923 మార్చి 21న. ఎక్కడనుకున్నారు? ఇండోనేషియాలోని బాలి దీవిలో. తెలుగు కుటుంబమే. కానీ బిడ్డ కళ్ళు తెరిచింది సముద్రం అవతల. 2011 జూన్ 7న హైదరాబాదులో కన్నుమూశారు. ఎనభై ఎనిమిదేళ్ళ జీవితం. అందులో ఊహ తెలిసినప్పటి నుంచీ నాట్యమే. 1992లో పద్మశ్రీ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీకి అధ్యక్షులుగా ఉన్నారు. పదవుల గురించి ఇంతకంటే చెప్పను. చెప్పుకోవాల్సింది వేరే ఉంది.

ఆయన కుర్రవాడిగా ఉన్న రోజుల్లో మగపిల్లవాడు గజ్జె కడతానంటే ఇంట్లో ఏమనేవారో మీకు తెలుసు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో అదే మాట. ఆయన ఆ మాటలు పట్టించుకోలేదు. భరతనాట్యం కోసం పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళైగారి దగ్గరికి వెళ్ళారు. కూచిపూడి కోసం వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారిని ఆశ్రయించారు. ఇద్దరూ మహా గురువులు. అక్కడితో ఆగి ఉంటే రామకృష్ణగారు ఒక మంచి నర్తకుడు అయ్యేవారు, అంతే. ఆయన ఆగలేదు. మూడో గుమ్మం కూడా తొక్కారు. ఆ రోజుల్లో పెద్దమనుషులు పగటిపూట తొక్కడానికి జంకే గుమ్మం అది. కళావంతుల ఇళ్ళ గుమ్మం.

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

మన తెలుగునాట గుళ్ళలో దేవుడి ముందు ఆడిన స్త్రీలు ఉండేవారు. కొలువుల్లో ఆడిన స్త్రీలు ఉండేవారు. వాళ్ళే కళావంతులు. తరతరాలుగా తల్లి నుంచి కూతురికి వచ్చిన విద్య వాళ్ళది. చదువు, సంగీతం, సాహిత్యం, అభినయం, అన్నీ తెలిసినవాళ్ళు. ఒక పదం పాడుతూ, నేలమీద కూర్చుని, లేవకుండా, ఒకే పాదానికి ఎన్నో తీర్ల భావం పట్టగలిగేవాళ్ళు. కన్ను ఒకసారి నవ్వుతుంది. అదే పాదానికి మరోసారి అలుగుతుంది. ఇంకోసారి బతిమాలుతుంది.

1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆడపిల్లను గుడికి అంకితం ఇవ్వడం నేరమంది. ఆ ఆచారం పోవాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆచారంతో పాటు ఆ స్త్రీల ఒంట్లో ఉన్న విద్య మీద కూడా మచ్చ పడింది. అమ్మమ్మ నాట్యం చేసేదని చెప్పుకోవడానికి మనవరాలు సిగ్గుపడాల్సి వచ్చింది. గజ్జెలు పెట్టె అడుక్కి వెళ్ళాయి. పదాలు రాసుకున్న పుస్తకాలు అటక మీదికి వెళ్ళాయి. కొన్ని పొయ్యిలోకే వెళ్ళి ఉంటాయి.

రామకృష్ణగారు ఆ పెట్టెలు తెరిపించారు. నాయుడుపేట రాజమ్మగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. పిఠాపురంలో పెండేల సత్యభామగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి. మళ్ళీ చెబుతున్నాను. నాయుడుపేట రాజమ్మ. పెండేల సత్యభామ. మనం ఆంధ్రనాట్యం అని వేదిక మీద చూస్తున్న దాని వెనక ఇలాంటి అమ్మలు ఉన్నారు. గురువు పేరు అందరూ చెబుతారు. గురువుకు గురువైన ఆ స్త్రీల పేర్లు చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

పిఠాపురం కుంతీమాధవస్వామి గుళ్ళో సత్యభామగారు ఆడిన ఆట ఏమిటో తెలుసా? నవజనార్దనం. పారిజాతం కథే. సత్యభామ అలక, కృష్ణుడి బతిమాలాట. కానీ అది ఒక్క రాత్రి ఆట కాదు. తొమ్మిది రాత్రుల ఆట. తొమ్మిది రాత్రులు ఒక స్త్రీ సత్యభామగా నిలిచి ఆడాలి. ఆ వృద్ధురాలు వెళ్ళిపోతే తొమ్మిది రాత్రులూ ఆమెతోనే వెళ్ళిపోయేవి. అలా కానీయకుండా రామకృష్ణగారు నేర్చుకున్నారు, రాసుకున్నారు, పుస్తకం చేశారు. తన శిష్యుడు కళాకృష్ణకు నేర్పారు. కళాకృష్ణగారు సత్యభామ వేషం కట్టి దేశమంతా ఆ ఆట చూపించారు. చూశారా ఎలా వచ్చిందో! ఒక అమ్మ నుంచి ఒక గురువుకు, గురువు నుంచి కాగితానికి, శిష్యుడికి.

1970లో హైదరాబాదులో అభినయ సదస్సు పెట్టారు. ఇళ్ళల్లో దాక్కున్న ఆ పెద్ద కళాకారిణులను పిలిచి, పండితుల ముందు కూర్చోబెట్టి, గౌరవంగా అభినయం చేయించారు. ఆ కళకు ఆంధ్రనాట్యం అన్న పేరు స్థిరపడింది అక్కడే.

ఇక పేరిణి మాట.

ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పేరిణి మగవాళ్ళ నాట్యం. శివుడి ముందు ఆడే వీరుల నాట్యం. ఒళ్ళంతా విభూతి, కాళ్ళకు గజ్జెలు, డప్పుల మోత, శంఖం ఊదిన హోరు. కాకతీయుల కాలంలో వెలిగింది. 1323లో ఓరుగల్లు కోట పడిపోయింది. ఆ తర్వాత పేరిణి కూడా కనబడకుండా పోయింది. ఆడేవాడు లేడు. చూసినవాడు లేడు. చూసినవాడిని చూసినవాడు కూడా లేడు. ఒక్క గురువు కూడా మిగలలేదు.

మరి ఎలా తిరిగి వచ్చింది?

రెండు సాక్ష్యాలు మిగిలాయి. ఒకటి రాయి, ఒకటి రాత.

రాయి అంటే రామప్ప గుడి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద అని గుర్తించింది కదా, అదే. ఆ గుడి స్తంభాల మీద, గోడల మీద ఆడే బొమ్మలున్నాయి. కాలు ఎత్తినవాళ్ళు, మద్దెల కొట్టేవాళ్ళు, వరుసగా కదిలేవాళ్ళు.

రాత అంటే నృత్తరత్నావళి. రాసినవాడు జాయప సేనాని. గణపతిదేవ చక్రవర్తికి బావమరిది. ఆయన గజసైన్యానికి అధిపతి. పగలు ఏనుగుల దళాన్ని నడిపినవాడు, తీరిక చేసుకుని నాట్యశాస్త్రం రాశాడు. 1253 ప్రాంతంలో. శాస్త్రంలో ఉన్న మార్గ పద్ధతి ఒక సగం. జనం ఆడుకునే దేశి పద్ధతి ఇంకో సగం. ఆ రెండో సగంలోనే పేరిణి ఉంది. సేనాని జనం ఆటను చిన్నచూపు చూడలేదు. కూర్చుని రాశాడు. ఆయన రాయకపోతే ఇవాళ పేరిణి లేదు. ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే ఈ మాట మీద నేను నిలబడి ఉన్నాను. జాయప సేనాని రాయకపోతే ఇవాళ పేరిణి లేదు.

కాకతీయుల నేల మీద రాసిన ఆ పుస్తకం ప్రతి తమిళదేశంలో బతికింది. 1965లో మద్రాసులో వి.రాఘవన్‌గారు పరిష్కరించి అచ్చుకు తెచ్చారు. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేశారు. అంటే ఏడు వందల ఏళ్ళు ఎవరో ఒకరు ఆ రాతను చెదపట్టకుండా చూశారు. ఎందుకు చూస్తున్నారో వాళ్ళకే తెలిసి ఉండకపోవచ్చు. చూశారు.

రామకృష్ణగారు ఆ రాతనూ ఆ రాతినీ పక్కపక్కన పెట్టుకున్నారు. పుస్తకంలో మాట చదివి, గుళ్ళో బొమ్మ చూసి, తన కాలు కదిపి చూసుకున్నారు. ఒక బొమ్మకూ పక్క బొమ్మకూ మధ్య ఆట ఎలా నడిచి ఉంటుందో తన ఒంటి మీద వెతికారు. యువకులను చేరదీసి నేర్పారు. 1985 ఫిబ్రవరి 17, మహాశివరాత్రి. రామప్ప గుడి దగ్గర వందమంది పేరిణి నర్తకులు ఆడారు. గుడి గోడల మీద శిల్పాలు, గుడి ముందు మనుషులు.

ఇది అచ్చం కాకతీయుల నాటి పేరిణేనా అని అడిగేవాళ్ళు ఉన్నారు. అడగాలి కూడా. నా అభిప్రాయం చెబుతాను. మీలో ఆలంపురం వెళ్ళినవాళ్ళకు నా మాట తేలిగ్గా అందుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వస్తున్నప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఏం చేశారు? రాయి రాయికీ అంకె వేశారు. పటం గీసుకున్నారు. విప్పారు. ఆలంపురం తెచ్చి మళ్ళీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే నీళ్ళ నుంచి తప్పించారు. ఇవాళ వెళ్ళి దండం పెట్టేవాడు ఇది అసలు గుడి కాదు అంటాడా? అనడు. పేరిణి కూడా అంతే. అయితే ఒక తేడా ఉంది, అది దాచకూడదు. గుడికి రాళ్ళన్నీ దొరికాయి. పేరిణికి చాలా రాళ్ళు దొరకలేదు. దొరకనిచోట రామకృష్ణగారు తన ఊహతో పూరించారు. ఏవి దొరికాయో, ఏవి ఆయన పెట్టారో విడదీసి చూడాలంటే మళ్ళీ ఆయన కాగితాల దగ్గరికే వెళ్ళాలి. అందుకే కాగితాలు కావాలి అంటున్నాను.

ఆయన రాశారు మరి. నలభైకి పైగా పుస్తకాలు. దాక్షిణాత్యుల నాట్యకళా చరిత్ర ఒకటి. పేరిణి మీద, నవజనార్దనం మీద, ఆంధ్రనాట్యం మీద వేరువేరుగా ఉన్నాయి. నాట్యం చేసేవాడికి రాయడం బరువు. రోజంతా ఆడి, నేర్పి, రాత్రి కలం పట్టడం అంటే మాటలు కాదు. ఆయన పట్టారు. చేతిలో ఉన్నది జారిపోతే మళ్ళీ దొరకదన్న బెంగ ఆయనకు బాగా తెలుసు.

ఇది మన దగ్గరి మాటే అనుకోకండి. ఐరోపా వాళ్ళ బాలే నాట్యంలోనూ ఇదే కథ జరిగింది. 1913లో పారిస్‌లో నిజిన్‌స్కీ అనే రష్యా నర్తకుడు ఒక బాలే కూర్చాడు. సంగీతం స్ట్రావిన్‌స్కీది. వసంతం కోసం బలి ఇచ్చే పాతకాలపు తంతు అందులో కథ. మొదటి రాత్రే హాల్లో పెద్ద గొడవ. కొన్నే ప్రదర్శనలు జరిగి ఆగిపోయింది. సంగీతం నిలిచింది. ఆట పోయింది.

ఆ ఆట నేర్పడంలో నిజిన్‌స్కీకి సాయపడిన యువతి మేరీ రాంబర్ట్. తర్వాత లండన్‌లో పేరుపడ్డ బాలే గురువు అయింది. ఆమె అప్పట్లో సంగీతం ప్రతి మీద, ఏ దరువుకు ఎవరు ఎటు కదిలారో రాసుకుంది. ఇంకొక చిత్రకారిణి ప్రదర్శన చూస్తూ బొమ్మలు గీసుకుంది. ఆ రాతలూ బొమ్మలూ పోగేసి మిల్లిసెంట్ హాడ్సన్ అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి కష్టపడింది. 1987లో అమెరికాలో జాఫ్రీ బాలే వాళ్ళు ఆ ఆటను మళ్ళీ వేదిక ఎక్కించారు. డెబ్భై నాలుగేళ్ళ తర్వాత! ఒక టీచరమ్మ తన పని కోసం రాసుకున్న గమనికలు పోయిన నాట్యాన్ని వెనక్కి తెచ్చాయి. అందుకే ఆ దేశాల్లో నర్తకుల ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు, కరపత్రాలు గ్రంథాలయాలు అడిగి మరీ తీసుకుంటాయి. న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో నాట్యానికే ఒక విభాగం ఉంది.

ఇప్పుడు మన పాలమూరు వైపు వద్దాం.

మనకు నాట్యంతో ఏం సంబంధం అనకండి. శ్రీశైలానికి పడమటి ద్వారం ఆలంపురం. ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. రెండూ మన దగ్గరే ఉన్నాయి. శివరాత్రికి నల్లమల దారుల్లో నడిచి శ్రీశైలం చేరిన జనం అక్కడ రాత్రంతా ఏం చూశారు? పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో రాశాడు. ఎన్ని రకాల ఆటలు, ఎన్ని రకాల పాటలు, బొమ్మలాటలు! ఆ జనంలో మన ముత్తాతల ముత్తాతలు ఉండరా? ఆలంపురం శిల్పాల్లో శివుడు నటరాజై ఆడుతూనే ఉన్నాడు. అవి కాకతీయుల కంటే ఐదారు వందల ఏళ్ళు ముందటివి, బాదామి చాళుక్యుల నాటివి. కాకతీయులకు సామంతులైన గోన వంశం వాళ్ళు ఏలింది నాగర్‌కర్నూలు దగ్గరి వర్ధమానపురం నుంచే. అదే, నంది వడ్డెమాను అంటే మీకు తెలుసు.

తర్వాత సంస్థానాలు వచ్చాయి. విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న గద్వాల. వనపర్తి. కొల్లాపురం ఏలిన జటప్రోలు. కవులకు శాలువాలు కప్పిన సంస్థానాలు. కవి పద్యం కాగితం మీద ఉంది కాబట్టి కవి పేరు నిలిచింది. మరి అవే సంస్థానాల ఊళ్ళలో భాగోతం ఆడినవాళ్ళ పేర్లు? కోలాటం కట్టించిన గురువుల పేర్లు? చిరుతల రామాయణం నేర్పడానికి ఊరూరా తిరిగిన పంతుళ్ళ పేర్లు? ఎవరు చెబుతారు?

మన గడ్డమీదే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారిని గుర్తుచేసుకోండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారు. ఆయన వాదన పెట్టుకోలేదు. ఊరూరికీ కబురుపెట్టి కవితలు తెప్పించారు. మూడు వందల యాభై నలుగురు కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. అంతటితో ఆ మాట అన్నవాళ్ళ నోరు మూతపడింది. ఇవాళ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఆలంపురంలో గడియారం రామకృష్ణశర్మగారు గుళ్ళ కోసం, శాసనాల కోసం జీవితమంతా తిరిగారు. తన బతుకు కథను శతపత్రము అని రాశారు. దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పోగుచేయడం, రాసిపెట్టడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. కవుల విషయంలో చేశాం. శాసనాల విషయంలో చేశాం. ఆటగాళ్ళ విషయంలో చేయలేదు.

నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పండుగ సాయన్న కథ పాడే మనిషి. ఆ కథ ఆయనకు నోటికి వచ్చు. ఎంత సంతోషించామో! కానీ ఊరికి ఒకరుగా ఉండి, ఎవరికీ తెలియకుండానే వెళ్ళిపోయిన ఆయనలాంటి వాళ్ళ సంగతి తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

అందుకే మీకు పని ఉందన్నాను. వినండి.

మీ ఇంట్లోనో, మీ వాడలోనో యక్షగానం ఆడిన తాత ఉండి ఉంటాడు. భాగోతంలో స్త్రీ వేషం కట్టిన పెదనాన్న ఉండి ఉంటాడు. బడిలో పిల్లలకు డ్యాన్సు నేర్పి, వార్షికోత్సవాలకు నృత్యనాటికలు కట్టించిన టీచరమ్మ ఉండి ఉంటుంది. వాళ్ళ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. పాటలు, దరువులు, ఎవరు ఎప్పుడు రావాలో రాసుకున్న పుస్తకం. అట్ట ఊడిపోయి, నూనె మరకలు పడి ఉంటుంది. దాన్ని పాత పేపర్లవాడికి వేయకండి. మళ్ళీ చెబుతున్నాను. ఆ నోటుపుస్తకం పారేయకండి.

చినిగిన చోట టేపు అతికించకండి. జిగురు కాగితాన్ని తినేస్తుంది. తడి తగలని చోట, బట్టలో చుట్టి పెట్టండి. మీ చేతిలో ఫోను ఉంది కదా, పేజీ పేజీకీ ఫొటో తీయండి. పాత ఫొటో ఉంటే వెనక పెన్సిలుతో మెల్లగా రాయండి, అందులో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఏ ఆట అని. ఆ తాత ఇంకా ఉంటే, ఆ టీచరమ్మ ఇంకా ఉంటే, ఈ వారమే వెళ్ళి పక్కన కూర్చోండి. పాడమనండి, ఫోనులో రికార్డు చేయండి. చేయి ఎలా తిప్పాలో చూపించమనండి, వీడియో తీయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఆ గురువు పేరు రాయండి. స్త్రీ అయితే తప్పకుండా రాయండి, ఎందుకంటే ముందు చెరిగిపోయేవి వాళ్ళ పేర్లే.

తర్వాత ఆ ఫొటోలు, ఆ నకళ్ళు మీ జిల్లా గ్రంథాలయంలో అడిగి ఇవ్వండి. తెలుగు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయండి. అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, తప్పులేదు. నకలు మాత్రం ఇంకొక చోట ఉండాలి.

గద్వాలలో వింటున్న అన్నా, వనపర్తిలో వింటున్న అక్కా, నాగర్‌కర్నూలులో వింటున్న చెల్లీ, ఈ ప్రసంగం అయిపోగానే అటక మీద పెట్టె ఒకసారి దించి చూడండి.